తల లేని జీవీ, తలబిరుసు రాణీ

పెద్దకోడలు ఇంట్లో బూజు దులపదు. ఉద్యోగంలో బూజు పెంచుతుంది. ఈ రెండు సత్యాలనూ ఒకే కప్పు కింద భరించాల్సి రావడం అత్తగారి జీవితంలోని ప్రధాన విషాదం. చుట్టాలెవరైనా వచ్చి "మీ పెద్దకోడలు ఏం చేస్తుందండీ?" అని అడిగితే ఆవిడ "జూలో పని" అని ఊరుకుంటుంది. ఏ జంతువు దగ్గర అని వాళ్ళు వదలకపోతే, "చిన్నకోడలైతే లీమర్లని చూస్తుందండీ. కోతుల్లాంటివే, తోకకి నలుపూ తెలుపూ చారలుంటాయి, ఎంత ముచ్చటగా ఉంటాయో" అని మాట మారుస్తుంది. చుట్టాలు లీమర్ల ఫోటోలు చూస్తారు, మురిసిపోతారు, టీ తాగి వెళ్ళిపోతారు. బూజు సంగతి బూజుగానే మిగిలిపోతుంది.

ఆ ఇంటి అన్నదమ్ములిద్దరిదీ కళ్ళద్దాల దుకాణం. లోకానికంతటికీ చూపు సరిచేస్తూ, సొంత వంటింట్లో జరిగేది మాత్రం కనపడనట్టు మసలడంలో ఇద్దరూ సిద్ధహస్తులు. వాళ్ళ ప్రస్తావన ఇంతటితో ముగిస్తే అందరికంటే ఎక్కువ సంతోషించేది వాళ్ళే.

పెద్దకోడలు పెంచే దాని పూర్తి పేరు జిగురుబూజు. పేరులో ఉన్నంత మాత్రాన అది బూజు కాదు. మొక్క కాదు, జంతువూ కాదు. పళ్ళెంలో గుడ్డుసొన చిదిమి, దానికి వేళ్ళు మొలిచినట్టుంటుంది. ఒళ్ళంతా కలిపి ఒకే ఒక్క కణం. తల లేదు, కాబట్టి మెదడూ లేదు. అయినా కదులుతుంది. గోడగడియారంలో చిన్నముల్లు ఎంత హడావిడిగా నడుస్తుందో ఇదీ ఇంచుమించు అంతే హడావిడిగా నడుస్తుంది.

ఇది జూకి వచ్చిన తీరు చెప్పుకోదగ్గది. ఏదో కాలేజీవాళ్ళు ప్రయోగశాల ఖాళీ చేస్తూ, పారేయడానికి మనసొప్పక, ఒక మూతపళ్ళెంలో పెట్టి పంపించారు. మొక్కల విభాగం పెద్ద దాన్ని ఒక పూట పరిశీలించి, నడిచేదాంతో తనకి సంబంధం లేదన్నాడు. జంతువుల విభాగం పెద్ద అటూ ఇటూ తిప్పి చూసి, మొహం లేనిదాన్ని తన లెక్కలోకి తీసుకోనన్నాడు. సామాన్ల గదివాళ్ళు పాడైపోయిన సరుకనుకుని చెత్తబుట్ట వెతకడం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ వారమే పెద్దకోడలు వృక్షశాస్త్రం పట్టా పట్టుకుని కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఆవిడకి కూర్చోడానికి ఎక్కడా బల్ల లేదు. ఎక్కడ పెట్టాలో తెలియని రెండిటినీ తీసుకెళ్ళి ఒకే గదిలో పెట్టి, యాజమాన్యం చేతులు దులుపుకుంది.

అలా మొదలైన సహవాసం ఇప్పటికి ఉద్యోగ జీవితమంత అయింది. పొద్దున్నే వచ్చి గది తలుపు తీయడం, అలమరలోంచి పళ్ళేలు దించడం, తడి ఆరిన చోట నీళ్ళు చల్లడం, పెద్దదైపోయిన ముక్కని కోసి కొత్త పళ్ళెంలో వేయడం, ఓట్స్ గింజలు అక్కడక్కడా పెట్టడం. ఓట్స్ అంటే దానికి ప్రాణం. గింజలు నాలుగు మూలలా పెడితే ముందు పళ్ళెమంతా పాకి వెతుక్కుంటుంది. తిండి ఎక్కడెక్కడ ఉందో తేల్చుకున్నాక, పనికిరాని దారుల్లోంచి ఒంటిని వెనక్కి లాగేసుకుని, గింజకీ గింజకీ మధ్య దగ్గరి దారులు మాత్రం ఉంచుకుంటుంది. మనుషులు కమిటీలు వేసి కూడా చేయలేని పని ఇది అని పెద్దకోడలు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. వచ్చినవాళ్ళు సాధారణంగా మరుగుదొడ్డి ఎటువైపో అడగడానికి వచ్చినవాళ్ళు.

పెద్దకోడలికి వినయం ఉందని ఆమె శత్రువులు కూడా ఎప్పుడూ పుకారు పుట్టించలేదు. పళ్ళెంలోకి తొంగిచూసి "ఏదండీ, జంతువేదీ?" అని అడిగినవాళ్ళని ఆవిడ పైనుంచి కిందికి ఒకసారి చూసి, అది కూడా లోపల్నుంచి ఇదే ప్రశ్న అడుగుతోందని చెప్పేది. ఒకళ్ళిద్దరు ఫిర్యాదు కూడా చేశారు.

పక్కింటి వైభవం వేరు. జిగురుబూజు గదికి గోడ ఆనుకునే లీమర్ల ఇల్లు, దానికి ఏలిక చిన్నకోడలు. మరిదిని పెళ్ళాడి వచ్చిన ఏడాదే ఆ పిల్లని జూలో చేర్పించింది పెద్దకోడలే. ఆ మాట పెద్దకోడలు అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంది. "అందుకే కదక్కా, రోజూ గోడవతలనుంచి దణ్ణం పెట్టుకుంటున్నాను" అని చిన్నకోడలు అంతే శ్రద్ధగా జవాబిస్తుంది. లీమర్ల గుంపుకి పెద్ద ఒక ముసలి ఆడలీమరు. జూ అంతా దాన్ని పట్టపురాణి అంటారు. లీమర్లలో పెత్తనం ఆడవాళ్ళదే. రాణి తిన్నాక మగవి తినాలి, రాణి కూర్చున్నాక మగవి కూర్చోవాలి. అది ఎండకి ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ చాపి పొట్ట వెచ్చబెట్టుకుంటుంటే జనం అద్దాలకి ముక్కులు ఆనించి నిలబడతారు.

ఈ రెండు జీవుల్లో ఏది గొప్పదన్న చర్చ ఆ ఇంట్లో భోజనాల దగ్గర చాలా ఏళ్ళుగా నడుస్తోంది. పెద్దకోడలి వాదన తర్కం మీద నిలబడింది: కోస్తే రెండయ్యేదీ, రెండిటినీ కలిపితే ఒకటయ్యేదీ, ఎండిపోయి అట్టకట్టినా నీళ్ళు చల్లగానే లేచి కూర్చునేదీ గొప్పదా, లేక అరటిపండు ఆలస్యమైతే అలిగేదా? చిన్నకోడలు ఇవన్నీ ఓపిగ్గా విని, చివర్లో ఒకే మాట అనేది. ఆ లీమర్లకి భూమ్మీద సొంత ఊరంటూ ఒకే ఒక దీవి ఉంది, అక్కడ అడవులు నరికేస్తున్నారు. "నీ బూజు ఏ కుళ్ళిన మొద్దు కిందైనా పుడుతుందక్కా. మా రాణి జాతి పోతే మళ్ళీ రాదు."   ఆ మాట రాగానే పెద్దకోడలు కంచం పట్టుకుని లేచేది.

*

చలికాలం ముందు లీమర్లకి కొత్త ఇల్లు కట్టారు. పాతదాన్ని పడగొట్టి, అదే చోట ఎత్తుగా, అద్దాల కప్పుతో. లోపల ఆర్కిటెక్టు తాళ్ళ వంతెనలు వేలాడదీయించాడు. చూడ్డానికి పెళ్ళికూతురి మెడలో హారాల్లా ఉన్నాయి, ఒక్కటీ తిన్నగా ఎక్కడికీ పోదు. ఆయన తప్పేమీ లేదు. లీమర్లు ఎలా నడుస్తాయో ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన హారాలు ఎలా వేలాడతాయో లీమర్లకి ఎవరూ చెప్పలేదు.

పట్టపురాణి గుమ్మంలో అడుగుపెట్టింది, పైకి చూసింది, గుమ్మం పక్కనే నేలమీద చతికిలబడింది. ఇక కదల్లేదు. వెచ్చదనమంతా పైన, మంచెల దగ్గర ఉంది. నేల చల్లగా ఉంది. ముసలి ఎముకలు. ఒక వారం చూశారు. రాణి తిండి తగ్గించింది, తోక ఒంటికి చుట్టుకుని ముడుచుకుపోవడం మొదలుపెట్టింది.

అప్పుడు సూపరింటెండెంటు పెద్దకోడలి గదికి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. చెడువార్త చెప్పేముందు మంచినీళ్ళు అడగడం ఆయన అలవాటు. మనిషి మంచివాడు. ఎవరికైనా బదిలీ ఆర్డరు ఇచ్చిన రోజున ఆయనకి కడుపు ఉబ్బరిస్తుంది. నీళ్ళు తాగి, గదిని మెచ్చుకున్నాడు. గోడలు మందం అన్నాడు. హీటరు గొట్టం దీని కిందనుంచే వెళుతుందన్నాడు. ఆ తర్వాత విషయానికి వచ్చాడు. రాణి పైకి ఎక్కకపోతే దానికి నేలమీదే ఒక వెచ్చటి గది కావాలి. లీమర్ల ఇంటికి ఆనుకుని ఉన్న వెచ్చటి గది ఇదొక్కటే. వచ్చే సోమవారం వడ్రంగులు వచ్చి గోడలో దారి కొడతారు. పెద్దకోడలు అటుపైన టికెట్ల కిటికీలో కూర్చోవచ్చు. కూర్చునే పనే, నీడపట్టు.

"మరి ఇది?" అంది పెద్దకోడలు పళ్ళెం చూపించి.

"అది ఎండబెట్టి కవర్లో పెట్టుకోవచ్చటగా. మీరే చెప్పారు. ఏళ్ళ తరబడి పాడవదని."

"చెప్పాను."

"లీమర్ని కవర్లో పెట్టలేం కదమ్మా" అన్నాడు సూపరింటెండెంటు, నిజంగా బాధపడుతూ.

పెద్దకోడలు జీవితంలో మొదటిసారి తను చెప్పిన గొప్పే తన మెడకి చుట్టుకోవడం చూసింది. ఎండినా చావదని ఊరంతా చాటింది తనే. ఇప్పుడు దాన్ని చంపకుండానే వెళ్ళగొట్టడానికి ఆ మాటే దారి అయింది. ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టుకుందామని రెండుసార్లు వెనక్కీ ముందుకీ వెతికింది. దొరకలేదు. ముసలి ప్రాణం చలికి వణుకుతుంటే పసుపు జిగురు కోసం గది పట్టుకుని కూర్చోవడం ఆవిడకే న్యాయంగా తోచలేదు. కానీ కవరులోకి వెళ్ళిన వస్తువు మళ్ళీ ఎప్పుడు బయటికొస్తుందో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు. నీళ్ళు చల్లాలని గుర్తుండే మనిషి టికెట్లు చింపుతూ ఉంటుంది. ఇక మిగిలిన దారి ఒకటే. రాణి పైకి ఎక్కాలి.

"సోమవారం దాకా గది నాదే కదా సార్?" అంది.

ఆయన అవునన్నాడు. ఇంకో గ్లాసు నీళ్ళు అడిగాడు.

*

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దకోడలు వంటగది గట్టు తుడిచింది. పిలవకుండా తుడిచింది. చిన్నకోడలు కూరగాయలు తరుగుతూ ఓరకంట చూసి, "ఏం కావాలక్కా?" అంది.

పెద్దకోడలు చెప్పింది. లీమర్ల ఇంటి నమూనా గీసి పళ్ళెం కింద పెడతానంది. తిండి తట్టలున్న చోట, నీళ్ళ తొట్టి ఉన్న చోట, పడుకునే పెట్టెలున్న చోట, గుమ్మం దగ్గర ఒక్కో ఓట్స్ గింజ పెడతానంది. వాటి మధ్య జిగురుబూజు ఎలా దారులు వేస్తే అలా తాళ్ళు మార్చి కట్టిస్తే రాణి నడుస్తుందంది. హారాలు నచ్చని మనిషికి దారి నచ్చవచ్చునంది.

చిన్నకోడలు కత్తి ఆపింది. తన లీమర్లకి రోడ్లు వేసేది ఇప్పుడు పక్కగది బూజా అని అడిగింది. తలకాయ లేనిదానితో ఇంటి ప్లాను గీయించుకున్నారని రేపు జూ అంతా నవ్వితే ఎవరు జవాబు చెప్పాలని అడిగింది.

"తలకాయ ఉన్న ఆయన గీసింది చూశావుగా" అంది పెద్దకోడలు.

అవతలి గదిలోంచి అత్తగారు, ఆ బూజుని ఒకసారి ఇంటికి తెచ్చి ఈ వంటింట్లో ఎవరు ఎటు నడవాలో కూడా గీయించమని సలహా ఇచ్చింది. ఇద్దరు కోడళ్ళూ వినపడనట్టు ఊరుకున్నారు. కొన్ని విషయాల్లో వాళ్ళది గట్టి ఐకమత్యం.

చిన్నకోడలు ఒప్పుకుంది. ఒప్పుకున్నది తోడికోడలి ముఖం చూసి కాదు. ఆ రోజు పొద్దున్న రాణి అరటిపండు ముక్క చేతిలోకి తీసుకుని, తినకుండా కింద పెట్టేసింది.

జిగురుబూజు తన పని తను చేసింది. పళ్ళేన్ని చీకటి అలమరలో పెట్టి తలుపేశారు. మర్నాటికి నమూనా అంతా పాకింది. ఆ మర్నాటికి అక్కర్లేనివన్నీ వదిలేసి, లావుపాటి పసుపు నరాలు కొన్ని మాత్రం ఉంచుకుంది. అన్నీ వచ్చి నడిమధ్యన ఒక చోట కలిశాయి. పెద్దకోడలు దాన్ని కాగితం మీదికి ఎక్కించి తాళ్ళ మేస్త్రీకి ఇచ్చింది. మేస్త్రీ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. జీవితంలో చాలామంది గీసిన ప్లాన్లకి తాళ్ళు కట్టాడు గానీ, ఇంత తక్కువ తాడు పట్టే ప్లాను ఎప్పుడూ చూడలేదన్నాడు. ఎవరు గీశారని అడిగాడు. పెద్దకోడలు పళ్ళెం చూపించింది. అతను మర్యాదస్తుడు. దానికి కూడా ఒక నమస్కారం పెట్టి వెళ్ళాడు.

తాళ్ళు మారాయి. లీమర్లని వదిలారు. సూపరింటెండెంటు వచ్చాడు, జంతువుల విభాగం పెద్ద వచ్చాడు, మొహం లేని జీవి ప్రతాపం చూద్దామని మొక్కలవాళ్ళూ వచ్చారు. పిల్ల లీమర్లు తాడెక్కి ఉరికాయి. ఒక మూలనుంచి ఇంకో మూలకి క్షణాల్లో చేరాయి. పట్టపురాణి తలెత్తి చూసింది. లేచింది. గుమ్మం దగ్గరి తాడు పట్టుకుని, ముసలితనం కనపడనీయకుండా ఒక్కో అడుగూ వేస్తూ పైకి నడిచింది. పెద్దకోడలు అద్దం ఇవతల గడ్డం పైకెత్తి నిలబడింది. ఆ గడ్డం అంత ఎత్తుకి లేవడం జూ చరిత్రలో లేదు.

రాణి తిన్నగా నడిమధ్యన తాళ్ళన్నీ కలిసే చోటికి వెళ్ళింది. అక్కడ అద్దాల కప్పులోంచి ఎండ పడుతోంది. కూర్చుంది. చేతులు చాపింది.

అందరూ అటునుంచే పోవాలి. మొదటి మగలీమరు తిండి తట్టకేసి బయల్దేరి రాణి దగ్గరికి వచ్చింది. రాణి చెంపమీద ఒకటిచ్చింది. రెండోది వచ్చింది, దానికీ ఒకటి. మూడోది వెనక నిలబడింది. దాని వెనక ఇంకోటి. మగవి రెండు నిలబడ్డ చోటే, లీమర్ల కొట్లాట పద్ధతిలో, తోకలకి తమ ఒంటి వాసన రుద్దుకుని ఒకదాని మీదికి ఒకటి విదిలించుకోవడం మొదలుపెట్టాయి. రాణి కూతుళ్ళు ఆకలికి గోల పెట్టాయి. జిగురుబూజు గీసిన అద్భుతమైన దగ్గరి దారుల నిండా లీమర్లు బస్సు కోసం నిలబడినట్టు నిలబడ్డాయి. రాణి కాసేపు భరించింది. ఆ తర్వాత, తన ఎండలోకి వచ్చి తోసుకునే ఈ అలగాజనంతో తనకేమిటన్నట్టు తాడు దిగి, మళ్ళీ వెళ్ళి గుమ్మం పక్కన నేలమీద కూర్చుంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే పెద్దకోడలికి కాస్త సుఖంగా ఉండేది. సూపరింటెండెంటు దగ్గరికి వచ్చి, ప్రయత్నం మాత్రం చాలా బాగుందని, వడ్రంగులు మాత్రం అనుకున్న రోజే వస్తారని చెప్పి, గొంతు తడి చేసుకోడానికి తన గదికి వెళ్ళిపోయాడు.

*

జనం పోయాక పెద్దకోడలు లీమర్ల ఇంట్లోకి వెళ్ళింది. చిన్నకోడలు నేల తుడుస్తోంది. పెద్దకోడలు ఒక మూల బాల్చీ బోర్లించి దానిమీద కూర్చుంది. తప్పు నాదని ఒప్పుకునే రకం కాదు ఆవిడ. అలా అని తప్పు లీమర్లదని అనేంత మూర్ఖురాలూ కాదు. దారుల్లో తప్పేమీ లేదని మాత్రం అంది. ఇంతకంటే దగ్గరి దారి ఎవరు గీసినా రాదంది.

చిన్నకోడలు తుడుపుకర్ర గోడకి ఆనించింది.

"దగ్గరి దారి ఎవరికి కావాలక్కా? అందరూ ఒక్కలాంటివాళ్ళే అయితే దగ్గరి దారి సరిపోతుంది. నీ బూజు ఒక్కతే ఇల్లంతా. దానికి అత్త లేదు, ఆడపడుచు లేదు, ఎవరికీ పక్కకి తప్పుకోనక్కర్లేదు. ఇక్కడ రాణి ఉంది. రాణి ఎండలో కూర్చుంటే దానికి అడ్డంగా ఎవరూ నడవకూడదు. మీ ప్లాను సరిగ్గా ఆవిడ పడగ్గదిలోంచి రోడ్డు వేసింది."

పెద్దకోడలు బాల్చీ మీద అటు తిరిగి కూర్చుంది.

"నీ బూజుకి ఎండంటే ఏంటో తెలీదు" అంది చిన్నకోడలు. వెక్కిరింపుగా కాదు, బాల్చీలో నీళ్ళు మార్చాలన్నంత మామూలుగా.

తన జీవిని ఒకరు తెలీదనడం పెద్దకోడలు ఏనాడూ సహించలేదు. ఓడిపోయిన రోజున కూడా సహించలేదు. "తెలీకపోవడమేంటి? బాగా తెలుసు. వెలుతురంటే దానికి గిట్టదు. ఇంత దీపం పెట్టినా ఆ చుట్టుపక్కలకి పోదు, చుట్టు తిరిగి..."

అక్కడ ఆగింది. చిన్నకోడలు కూడా ఆమె వైపే చూస్తోంది. ఇద్దరూ ఒకేసారి కప్పుకేసి చూశారు, ఎండ దిగిపోతున్న ఆ అద్దాలకేసి.

ప్లాను గీయించింది చీకటి అలమరలో. చీకట్లో గీసిన దారులకి ఎండ ఎక్కడ పడుతుందో తెలిసే అవకాశమే లేదు. ఇన్నేళ్ళుగా దాన్ని చీకట్లో పెట్టి కాపాడిన చెయ్యే ఈసారీ అలవాటుగా అలమర తలుపు వేసేసింది. అలాంటి పొరపాటు పెద్దకోడలు తప్ప ఇంకెవరూ చేయలేరు, ఎందుకంటే దాన్ని అంత శ్రద్ధగా ఇంకెవరూ చూసుకోరు.

"ఎండ ఎక్కడ పడుతుంది?" అంది పెద్దకోడలు లేచి. "కచ్చితంగా చెప్పు. పొద్దున ఎక్కడ, మధ్యాహ్నం ఎక్కడ?"

చిన్నకోడలు నవ్వింది. పాత ఇంట్లో, కొత్త ఇంట్లో, ఆవిడ ఆ ఎండ వెంటే తుడుచుకుంటూ తిరిగే మనిషి. తడి ముందు ఎక్కడ ఆరుతుందో ఆవిడ తుడుపుకర్రకి తెలుసు. సుద్దముక్క తీసుకుని నేలమీద ఒక వంకర గుండ్రం గీసింది. పొద్దుటి ఎండ ఇక్కడ మొదలై ఇక్కడిదాకా జరుగుతుందంది. నమూనా మీద ఆ గుండ్రం ఎక్కడొస్తుందో ఇద్దరూ వంగి చూసుకున్నారు. సరిగ్గా నడిమధ్యన వచ్చింది.

మర్నాడు, ఈసారి పళ్ళెం మీద ఒక అట్టపెట్టె బోర్లించారు. పెట్టె పైన చిన్నకోడలు గీసిన ఆకారంలోనే కన్నం కోశారు. కన్నం మీదికి బల్లదీపం వంచి పెట్టారు. దీపం వేడికి జిగురు ఎండిపోతుందేమోనని పెద్దకోడలు దాన్ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి జరిపింది. చిన్నకోడలు తన మధ్యాహ్నం భోజనం తెచ్చుకుని అక్కడే కూర్చుని తింది. పక్కింటి గోడ దాటి ఆ గదిలో కూర్చుని తినడం ఆమెకి అదే మొదటిసారి. ఓట్స్ డబ్బా ఎంత ఖాళీ అయిందో చూసి, రాణి కంటే ఇదే బాగా తింటోందంది. పెద్దకోడలు ఆ మాటని పొగడ్తగానే తీసుకుంది.

జిగురుబూజు మళ్ళీ పాకింది. వెలుతురు అంచుదాకా వచ్చి, వేడి గిన్నెకి చెయ్యి తగిలినట్టు వెనక్కి తగ్గింది. పక్కకి తిరిగింది. చివరికి పసుపు నరాలన్నీ వెలుతురు చుట్టూ ఒక కంచెలా చేరి, అక్కణ్ణించి తిండికీ నీళ్ళకీ పెట్టెలకీ విడిపోయాయి. మధ్యలో మాత్రం ఖాళీ. ఒక్క నరం కూడా అడ్డం పోలేదు.

"అదుగో, రాణిగారి గది" అంది చిన్నకోడలు.

ఆ ఖాళీలోకి ఒక వెడల్పాటి చెక్క కట్టించాలని, గుమ్మం దగ్గర్నుంచి దానికి ఒకే ఒక తాడు ఉండాలని ఇద్దరూ నిర్ణయించారు. ఆ చెక్క, ఆ తాడు జిగురుబూజు ప్లానులో లేవు. అవి చిన్నకోడలి ప్లాను. మేస్త్రీ ఆదివారం సెలవు మానుకుని వచ్చి కట్టాడు. ఈ ప్లానుకి తాడు కొంచెం ఎక్కువే పట్టిందని, అయినా పెద్దింటివాళ్ళ ఇల్లంటే అంతేనని అన్నాడు.

*

సోమవారం పొద్దున్న వడ్రంగులు ముందే వచ్చేశారు. ఇద్దరూ పెద్దకోడలి గదిలో గోడకి టేపు పట్టుకుని, దారి ఎంత ఎత్తు ఉండాలో మాట్లాడుకుంటున్నారు. పెద్దకోడలు వాళ్ళని అడ్డుకోలేదు. పళ్ళేలన్నీ తీసి అలమరలో పెట్టి, గోడవతలికి వెళ్ళింది.

సూపరింటెండెంటు ఒక్కడే వచ్చి ఉన్నాడు. ఈసారి చూడ్డానికి ఎవరినీ పిలవలేదు. అది ఆయన మర్యాద.

చిన్నకోడలు లీమర్లని వదిలింది. పిల్లలు కంచె తాళ్ళమీద గుండ్రంగా పరిగెత్తాయి. మగవి వాటి వెనక, ఒకదానికొకటి తగలకుండా తిండి తట్టల దగ్గరికి చేరాయి. రాణి గుమ్మం పక్కనే కూర్చుని ఉంది. ఎండ కప్పులోంచి మెల్లగా దిగి, కొత్త చెక్క అంచుకి తగిలింది. రాణి కదల్లేదు. చిన్నకోడలు చేతిలో అరటిపండు ఉంది గానీ చూపించలేదు. పిలిస్తే వచ్చే రకం కాదది. గోడవతల వడ్రంగి సుత్తితో గోడ మందం కొట్టి చూస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పెద్దకోడలు ఆ చప్పుడు వింటూ, ముఖంలో మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది.

ఎండ చెక్క మీద సగందాకా పరుచుకుంది.

రాణి లేచి, ఒళ్ళు విరుచుకుని, తాడు మీద చెయ్యి వేసింది. అది తనొక్కదానికే వేసిన తాడని దానికి ఎలా తెలిసిందో గానీ, ఎవరికీ దారివ్వాల్సిన పని లేనట్టు నిదానంగా నడిచింది. చెక్క ఎక్కింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ రాలేదు. మగవన్నీ దూరంగా, తమ దారిన తాము పోతున్నాయి. కూర్చుని, కాళ్ళు ముందుకి చాపి, చేతులు రెండు పక్కలకీ తెరిచి, పొట్టని ఎండకి అప్పగించింది. కాసేపటికి కూతుళ్ళు రెండు వచ్చి, తల్లి మొహం చూసి, చెక్క చివర ఒద్దికగా కూర్చుని చేతులు చాపాయి.

చిన్నకోడలు అరటిపండు ఒలిచి, సగం తనే తినేసింది. ఆ సంగతి ఆమెకి తర్వాత తెలిసింది.

సూపరింటెండెంటు చాలాసేపు చూశాడు. ఇదొకపూట ముచ్చట కాదు కదా అని అడిగాడు. ఎండ ఉన్నంతసేపూ పైనే ఉంటుందని, పైనే తింటుందని, పొద్దు వాలితే పక్కనే ఉన్న పెట్టెలోకి పోతుందని చిన్నకోడలు చెప్పింది. నేలమీద గది దానికి ఇక అక్కర్లేదంది. "నేలమీద ఉండమంటే ఇప్పుడు అలుగుతుంది కూడా సార్." ఆయన తలూపి, మాట మార్చకుండా నేరుగా పక్కగదికి నడిచాడు. మంచినీళ్ళు అడగలేదు. వడ్రంగులకి టేపు చుట్టేయమని చెప్పాడు.

ఆ తర్వాత, సందేహంగా, పెద్దకోడల్ని అడిగాడు. ఈ మొత్తం వ్యవహారంలో గొప్పదనం ఎవరిదని ఆఫీసుకి రాయాలి, జిగురుబూజుదా, లీమరుదా?

పెద్దకోడలు ఏళ్ళ తరబడి ఈ ప్రశ్నకి సిద్ధంగా ఉంది. వాదనలన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ గోడవతల చిన్నకోడలు ఉంది, వింటూ ఉంటుంది.

"దీనికి ఎండంటే పడదు, దానికి ఎండే కావాలి" అంది. "ఇద్దరికీ ఒకే చోటు కావాలని ఏనాడూ లేదు సార్. ఎందుకొచ్చిన పోటీ? ఒకదాని దారి గీసేటప్పుడు రెండోదాన్ని కూడా అడగాలి, అంతే. నేను మొదట అడగలేదు."

"అది నువ్వు రాసివ్వక్కా, సంతకం పెట్టి" అన్న మాట గోడవతలనుంచి వినిపించింది.

పెద్దకోడలు ఆ మాట పట్టించుకోలేదు. వడ్రంగులు ఖాళీ చేతులతో వెళ్ళిపోవడం ఆవిడకి నచ్చలేదు. పనిముట్లతో వచ్చిన మనిషిని ఉత్తినే పంపడం పద్ధతి కాదు. వాళ్ళని వెనక్కి పిలిచి, గది తలుపుకి ఇన్నేళ్ళుగా లోపలి గొళ్ళెం లేదని చూపించింది. సూపరింటెండెంటు బిగించమన్నాడు. బిగించాక ఆవిడ ఆయన్నీ వడ్రంగుల్నీ మర్యాదగా గుమ్మం దాటించి, గొళ్ళెం పడుతుందో లేదో లోపల్నుంచి ఒకసారి వేసి చూసుకుంది. పడింది.